లాస్ట్ మూన్: సినిమా చూసినవాళ్ళు కూడా చదవాల్సిన అపోలో 13 పుస్తకం

అపోలో 13 అంటే 1970లో చంద్రుడి మీద దిగడానికి బయల్దేరి, దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలడంతో దిగకుండానే తిరిగొచ్చిన అమెరికా యాత్ర. ఆ పేరు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 1995లో వచ్చిన సినిమా. ఆ సినిమాకి ఆధారమైన పుస్తకం అంతకు ఏడాది ముందు వచ్చింది, పేరు ‘లాస్ట్ మూన్’. ఆ యాత్రకు కమాండర్‌గా వెళ్ళిన జిమ్ లోవెల్, పాత్రికేయుడు జెఫ్రీ క్లూగర్ కలిసి రాశారు. లోవెల్‌తో నౌకలో వెళ్ళిన మిగతా ఇద్దరు ఫ్రెడ్ హేజ్, జాక్ స్విగర్ట్. సినిమా చూసేశాం కదా, ఇంక పుస్తకం ఎందుకు అనేవాళ్ళకి ఒకటే మాట. సినిమాలో ప్రమాదం కనిపిస్తుంది, పుస్తకంలో ప్రమాదం లెక్క తెలుస్తుంది. ఎన్ని ఆంపియర్లు మిగిలాయి, మనిషికి ఎన్ని నీళ్ళు, ఇంజన్ ఎన్ని సెకన్లు మండాలి. ఆ లెక్క తెలిసేకొద్దీ గుండె దడ పెరుగుతుందే గానీ తగ్గదు.

పక్కన పెన్సిలు, ఒక తెల్లకాగితం ఉంచుకుని మొదలుపెట్టండి. కాగితం మీద ముందుగా మూడు డబ్బాలు గీయాలి. మొదటిది కమాండ్ మాడ్యూల్ ‘ఒడిస్సీ’: ముగ్గురూ కూర్చునేది, చివరికి సముద్రంలో దిగేది ఇదొక్కటే. దాని వెనక సర్వీస్ మాడ్యూల్: ఆక్సిజన్ ట్యాంకులు రెండు, ఫ్యూయల్ సెల్స్ మూడు, పెద్ద ఇంజన్ ఇందులో ఉంటాయి. ముందువైపు తగిలించినది చంద్రుడి మీద దిగే ‘అక్వేరియస్’. ఫ్యూయల్ సెల్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి కరెంటూ నీళ్ళూ పుడతాయి. అంటే ఆక్సిజన్ పోతే ఊపిరి, కరెంటు, తాగునీరు మూడూ ఒక్కసారే పోతాయి. ఈ ఒక్క ముక్క అర్థం కాకుండా పేలుడు భాగంలోకి వెళితే కంట్రోల్ రూమ్ మాటలు గందరగోళంగా అనిపిస్తాయి. పుస్తకం కష్టంగా ఉందని పక్కన పెట్టేసే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే.

కాగితం పైన ఇంకోటి రాసుకోండి. కంట్రోల్ రూమ్ ఉన్న హ్యూస్టన్ టైముకి 11 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైము, అమెరికా తూర్పు తీరం టైముకైతే 10 గంటల 30 నిమిషాలు. ఆ ఏడాది అక్కడ వేసవి టైము ఇంకా మొదలవలేదు కాబట్టి ఈ లెక్కే సరైంది. దాని ప్రకారం నౌక బయల్దేరింది మనకి 1970 ఏప్రిల్ 12 అర్ధరాత్రి దాటాక 12:43కి. ట్యాంకు పేలింది 14వ తేదీ ఉదయం 8:38కి. ముగ్గురూ పసిఫిక్‌లో దిగింది 17వ తేదీ రాత్రి 11:37కి. అంటే మన ఊళ్ళలో ఆఫీసులకి తయారయ్యే వేళ మొదలైన గండం నాలుగో రోజు రాత్రి పడుకునే వేళకి గడిచింది.

పేలుడు తర్వాత మొదటి పావుగంటని పుస్తకం ఎంత వివరంగా చెప్పినా విసుగు రాదు. నేల మీద కరెంటు, ఆక్సిజన్ చూసుకునే ఇంజనీరు సై లీబర్గాట్ స్క్రీన్ మీద అంకెలన్నీ ఒకేసారి పడిపోయేసరికి మొదట మీటర్లనే అనుమానించాడు. అది తప్పని ఇప్పుడు అనడం తేలిక. కానీ రెండు ట్యాంకులు, రెండు ఫ్యూయల్ సెల్స్ ఒకే క్షణంలో దెబ్బతినడం ఏ శిక్షణలోనూ ఊహించనిది. దాదాపు 13 నిమిషాల తర్వాత లోవెల్ కిటికీలోంచి చూసి, ఏదో వాయువు బయటికి పోతోందని చెప్పాకే అది మీటర్ల తప్పు కాదని తేలింది.

అక్కణ్ణుంచి పుస్తకమంతా పొదుపు లెక్కే. ఒడిస్సీని ఆపేసి ముగ్గురూ అక్వేరియస్‌లోకి మారారు. దాన్ని ఇద్దరు మనుషులకి సుమారు రెండు రోజులకి సరిపడా చేశారు. అందులో ముగ్గురు నాలుగు రోజులు బతకాలి. అవసరం లేనివన్నీ ఆపేసి కరెంటు వాడకాన్ని 12 ఆంపియర్ల దగ్గరికి తెచ్చారు. 28 వోల్టుల మీద అది సుమారు 340 వాట్లు. మన వంటింటి మిక్సీ 750 వాట్లు తింటుంది. అందులో సగం కూడా లేని కరెంటుతో ముగ్గురు మనుషులు, రేడియో, గాలి తిప్పే ఫ్యాను నడిచాయన్నమాట. చివరికి బ్యాటరీల్లో ఐదో వంతు మిగిలింది. ఇంకో విశేషం, మామూలుగా ఒడిస్సీ నుంచి అక్వేరియస్‌కి కరెంటు ఇచ్చే కేబుల్‌ని ఎదురు దిశలో వాడి, దిగేటప్పటికి కావలసిన ఒడిస్సీ బ్యాటరీని నింపారు. చల్లబడిపోయిన ఒడిస్సీని మళ్ళీ మేల్కొలిపే వరుసని కంట్రోల్ రూమ్ ఇంజనీరు జాన్ ఆరన్ బృందం తయారుచేసింది. అలాంటి చెక్‌లిస్టుకి మామూలుగా మూడు నెలలు పడుతుంది, వాళ్ళు మూడు రోజుల్లో రాశారు. ఏ స్విచ్చి ముందు, ఏది తర్వాత అన్న వాదనలు కథలాగే సాగుతాయి. కంగారుగా పేజీలు తిప్పొద్దు.

నీళ్ళ సంగతి మన ఎండాకాలంలో చదివితే ఇంకా గట్టిగా తగులుతుంది. మనిషికి రోజుకి ఆరు ఔన్సులు, అంటే 180 మిల్లీలీటర్లు కూడా నిండవు. ఒక మజ్జిగ గ్లాసు! ఎందుకంటే నీళ్ళు తాగడానికే కాదు, యంత్రాలని చల్లబరచడానికీ కావాలి, ఎక్కువ వాటా వాటిదే. అక్వేరియస్‌ని వదిలేసే సమయానికి అందులో తొమ్మిది శాతం నీళ్ళే మిగిలాయి. ముగ్గురూ కలిపి 14 కిలోల బరువు తగ్గారు, ఫ్రెడ్ హేజ్‌కి మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒడిస్సీ లోపల 3 డిగ్రీల సెల్సియస్ చలి, ప్యానెళ్ళ మీద, గోడల మీద నీటి బిందువులు.

ఆ తడిలో కరెంటు వేస్తే షార్ట్ సర్క్యూట్ కావాలి, కాలేదు. దానికి కారణం పుస్తకం మొదట్లోనే ఉంది: 1967 జనవరి 27న అపోలో 1 నేల మీదే కాలిపోయి గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయిన అధ్యాయం. ఆ తర్వాత వైర్ల రక్షణ పూర్తిగా మార్చారు. 13వ యాత్ర కథలోకి త్వరగా వెళ్దామని ఆ అధ్యాయాన్ని దాటేసేవాళ్ళు ఉంటారు. దాటేస్తే చివర్లో స్విచ్చి వేసే ఘట్టానికి సగం బలం పోతుంది.

కార్బన్ డయాక్సైడ్ డబ్బా కథ అందరికీ తెలిసిందే. ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు ఒడిస్సీవి చతురస్రం, అక్వేరియస్‌వి గుండ్రం. ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు. పిల్లలకి చేసి చూపించదగ్గ పని ఇది, అందుకే వరుస చెబుతున్నాను. చతురస్రపు డబ్బాకి ప్లాస్టిక్ సంచి తొడగాలి. డబ్బా అడుగున ఉన్న రంధ్రాన్ని తువ్వాలు ముక్కతోనో మేజోడుతోనో మూయాలి, లేకపోతే గాలి మందులోంచి కాకుండా దొడ్డిదారిన పోతుంది. పైన అట్ట ముక్కని విల్లులా వంచి పెట్టాలి. ఇది మరిచిపోతే ఫ్యాను లాగే గాలికి సంచి డబ్బాకి అతుక్కుని దారి మూసుకుపోతుంది. చివర్న స్పేస్ సూటు గొట్టాన్ని సంచిలోకి దూర్చి చుట్టూ టేపు వేయాలి. అట్ట కోసం ఫ్లైట్ ప్లాన్ పుస్తకం కవర్లు చించారు.  ఈ డబ్బాది నాసా ఫొటో ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ముందే చూసి పెట్టుకోండి.

దారి సరిచేసిన ఘట్టాల్లో 14 సెకన్ల బర్న్ (ఇంజన్ మండించడం) దగ్గర తప్పకుండా ఆగాలి. భూమి వాతావరణంలోకి సుమారు ఆరున్నర డిగ్రీల కోణంలో ప్రవేశించాలి. మరీ నిటారుగా వస్తే కాలిపోతారు, మరీ ఏటవాలుగా వస్తే నీటి మీద విసిరిన పెంకులా ఎగిరి మళ్ళీ అంతరిక్షంలోకి పోతారు. కంప్యూటరు ఆపేశారు. కిటికీలోని గురిగీతని భూమి మీద వెలుగూ చీకటీ కలిసే అంచుకి పట్టి ఉంచి ఇంజన్ వెలిగించారు. లోవెల్, హేజ్ చెరో కంట్రోలు పట్టుకుంటే స్విగర్ట్ వాచీ చూసి సెకన్లు లెక్కపెట్టాడు. ఆ తర్వాత కూడా కోణం మెల్లగా పక్కకి జారుతూ వచ్చింది. అక్వేరియస్ చల్లబడటానికి వదిలే నీటి ఆవిరి చిన్న ఇంజన్‌లా నెట్టడమే దానికి కారణం.

అసలు నిధి మాత్రం పుస్తకం చివర్లో ఉంది, ట్యాంకు ఎందుకు పేలిందన్నది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ వైరింగ్ చేసేవాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. 12 వోల్టుల రిలే తీసుకెళ్ళి 24 వోల్టుల లారీలో పెడితే ఏదో ఒక రోజు పాయింట్లు అంటుకుపోతాయి, ఇంక అది ఆఫ్ కాదు. ఇక్కడా అంతే. ట్యాంకు హీటరులోని థర్మోస్టాట్ స్విచ్చిలు 28 వోల్టులకి చేసినవి. లాంచ్ ప్యాడ్ మీద వాడే కరెంటుని 1965లో 65 వోల్టులకి మార్చారు, స్విచ్చిలు మార్చలేదు. అది బయటపడలేదు, ఎందుకంటే మామూలు వాడకంలో ఆ స్విచ్చిలు తెరుచుకునే అవసరమే రాలేదు. డీసీ కరెంటు పారుతుండగా స్విచ్చి తెరుచుకుంటేనే నిప్పురవ్వ సాగి పాయింట్లని కరిగిస్తుంది.

తెరుచుకునే పని 1970 మార్చిలో వచ్చింది. అదే ట్యాంకు 1968లో ఫ్యాక్టరీలో రెండంగుళాల ఎత్తు నుంచి పడి, లోపలి గొట్టం వదులైనట్టుంది. ప్రయోగం రిహార్సల్ తర్వాత ఆ ట్యాంకులోని ఆక్సిజన్ ఖాళీ కాలేదు. హీటరు వేసి మరిగించి పోగొడదామనుకున్నారు, ఎనిమిది గంటలు వేశారు. 27 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన స్విచ్చి 65 వోల్టులకి అంటుకుపోయింది. గేజ్ 29 డిగ్రీలకి మించి చూపించలేదు, కాబట్టి చూసేవాళ్ళకి అంతా బాగానే ఉంది. హీటరు గొట్టం మాత్రం 500 డిగ్రీలు దాటి, ట్యాంకులో ఆక్సిజన్‌ని కలిపే ఫ్యాను వైర్ల టెఫ్లాన్ తొడుగు మాడిపోయింది. రెండు వారాల తర్వాత అంతరిక్షంలో ఫ్యాను వేయగానే ఒకటిన్నర నిమిషంలో పేలింది. ఒక్కో తప్పూ విడిగా చూస్తే చిన్నది. గేజ్ స్కేలు ఇంకో వంద డిగ్రీలు ఉన్నా ఎవరో ఒకరు హీటరు ఆపేసేవాళ్ళు. ఈ పేజీలు కరెంటు పని, బాయిలర్ పని, కోల్డ్ స్టోరేజీ పని చేసే ప్రతివాళ్ళూ చదవాలి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో గేజ్ చూసి రాసుకునే ఉద్యోగికి కూడా ఇందులో పనికొచ్చే సంగతి ఉంది: ముల్లు స్కేలు చివర్న ఆగిపోతే ఆ అంకె కొలత కాదు.

లోపాలున్నాయి. లోవెల్ తన కథని కూడా ‘లోవెల్ అన్నాడు, లోవెల్ చూశాడు’ అనే రాయించాడు. దానివల్ల కంట్రోల్ రూమ్, ఇళ్ళు, నౌక మూడింటినీ సమానంగా చూపించగలిగారు గానీ, కమాండర్ మనసులో మాట కొన్నిచోట్ల దూరంగా వినిపిస్తుంది. నేల మీది మనుషుల పేర్లు చాలా ఎక్కువ. నాలుగు బృందాల ఫ్లైట్ డైరెక్టర్లు జీన్ క్రాంజ్, గ్లిన్ లన్నీ, మిల్ట్ విండ్లర్, జెరీ గ్రిఫిన్‌లని కాగితం మీద రాసుకుంటే మిగతావాళ్ళు తేలికవుతారు. కొలతలన్నీ మైళ్ళు, పౌన్లు, ఫారెన్‌హీట్. సినిమాలో చూపించిన వ్యోమగాముల గొడవ ఇందులో వెతకొద్దు, అది జరగలేదు. చివరి రోజుల్లో యాత్ర నుంచి తప్పించిన వ్యోమగామి కెన్ మాటింగ్లీ చుట్టూ సినిమా అల్లిన పని నిజానికి చాలామంది కలిసి చేసింది. ఇంగ్లిష్ మరీ కఠినం కాదు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇబ్బంది లేకుండా చదువుతారు, ఇంటర్ పిల్లలకి పైన చెప్పిన కాగితం తప్పనిసరి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సినిమా వచ్చాక ఇదే పుస్తకం పేపర్‌బ్యాక్‌లో ‘అపోలో 13’ పేరుతో వచ్చింది. రెండూ వేర్వేరనుకుని రెండుసార్లు కొనకండి. విజయవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో, జనవరి పుస్తక ప్రదర్శనలో ఈ రెండు పేర్లూ చెప్పి అడగాలి, ఒక్క పేరే చెబితే లేదంటారు. పాత కాపీ అయితే మధ్యలో ఫొటోల పేజీలు ఉన్నాయో లేదో చూడండి. చిన్న సైజు పేపర్‌బ్యాక్‌ల జిగురు మన ఎండలకి ఎండిపోయి ఉంటుంది, పుస్తకాన్ని ఒక్కసారిగా వెనక్కి విరిచి తెరవొద్దు.

దీనికి జతగా ప్రమాద విచారణ సంఘం నివేదిక చదవాలి. ఎడ్గర్ కోర్ట్‌రైట్ అధ్యక్షతన 1970 జూన్‌లో ఇచ్చారు, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. మొత్తం ప్రింట్ తీయిస్తే అనుబంధాలతో చాలా లావవుతుంది, డబ్బు దండగ. నాలుగు, ఐదు అధ్యాయాలు చాలు. కాలేజీల దగ్గరి జిరాక్స్ షాపులో ఇచ్చేటప్పుడు పేజీకి ఒక్కటే వేయమని గట్టిగా చెప్పండి. రెండేసి వేస్తే ట్యాంకు లోపలి బొమ్మల్లో వైర్ల గీతలు కలిసిపోతాయి. ఆ బొమ్మ ముందు పెట్టుకుని, చివరి పేజీలు అయ్యాక మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఫ్యాను వేయమని హ్యూస్టన్ అడిగే పేజీ నుంచి ఇంకోసారి చదవండి. మొదటిసారి అది మామూలు పని చెప్పే మామూలు వాక్యంలా దాటిపోయి ఉంటుంది.