కోమోలో వోల్టా కోసం తిరిగితే: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ఇటలీలో మిలాన్ వచ్చిన మనవాళ్లు ఒకరోజు సరస్సు ఒడ్డున ఉన్న కోమో ఊరికి వెళ్లి, పడవెక్కి, విల్లాల ముందు ఫొటోలు దిగి సాయంత్రానికి వెనక్కి వచ్చేస్తారు. మేం వెళ్లింది మాత్రం అలెస్సాండ్రో వోల్టా కోసం. మా ఆయన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తారు, మొదటి బ్యాటరీ చేసినాయన ఊరు పక్కనే ఉంటే విల్లాలు చూస్తారా!

మిలాన్ నుంచి రెండు రైలు దారులు ఉన్నాయి. సెంట్రాలే స్టేషన్ నుంచి కోమోలోని సాన్ జొవాన్నీ స్టేషన్‌కు ముప్పావుగంటలోపే చేరొచ్చు. మిలాన్‌లోనే ఉన్న కడోర్నా స్టేషన్ నుంచి అయితే గంట పడుతుంది, కానీ దిగేది సరస్సు ఒడ్డునే కాబట్టి నా ఓటు దానికే. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫామ్ మీది మెషీన్లో ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే జరిమానా పడుతుంది.

సరస్సు ఒడ్డున వోల్టా మందిరం ఉంది, టెంపియో వోల్టియానో అంటారు. ఆయన పోయి వందేళ్లయిన సందర్భంగా, 1927లో, ఒక నూలు మిల్లు యజమాని డబ్బుతో కట్టారు. పాత పదివేల లీరాల నోటు మీద ముందువైపు వోల్టా, వెనకవైపు ఈ భవనమే ఉండేవి. టికెట్ చవకే, గంటలో చూసేయొచ్చు. అయితే ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి: లోపల ఉన్నవాటిలో చాలా భాగం మళ్లీ చేసినవి. బ్యాటరీకి వందేళ్లని 1899లో ఈ ఊళ్లోనే పెద్ద విద్యుత్ ప్రదర్శన పెడితే అది కాస్తా తగలబడి, వోల్టా వాడిన పరికరాలు ఎన్నో అందులోనే పోయాయి. అది విని మా ఆయన మొహం మాడిపోయింది.

కానీ పైల్ (వోల్టా చేసిన ఆ మొదటి బ్యాటరీని అలా అంటారు) ముందు మాత్రం చాలాసేపు నిలబడ్డాం. నిలువు కడ్డీల మధ్య ఒక వెండి బిళ్ల, దాని మీద జింకు బిళ్ల, ఆపైన ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్క, మళ్లీ వెండి, మళ్లీ జింకు, అలా పేర్చుకుంటూ పోవడమే. అట్ట ఆరిపోతే కరెంటు తగ్గిపోతుంది, మరీ తడిపితే పైబిళ్లల బరువుకి నీళ్లు పక్కలకి కారి అసలుకే మోసం. అందుకే బిళ్లలకు బదులు ఉప్పునీళ్ల కప్పులు వరసగా పెట్టి, రెండు లోహాల బద్దలతో వాటిని కలిపే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఈ రెండింటి గురించీ 1800 మార్చి 20న కోమో నుంచే లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. దానికి ముందు గల్వానీ అనే ఇంకో ఇటలీ శాస్త్రవేత్తతో ఏళ్ల తరబడి గొడవ. చచ్చిన కప్ప కాలికి లోహాలు తాకిస్తే అది ఎగిరేది: కరెంటు కప్పలోనే ఉందని ఆయన, కాదు, తాకించిన రెండు లోహాల వల్లేనని ఈయన. రెండు లోహాలు తన నాలుక మీదే పెట్టుకుని పులుపు తగిలిందని చూసుకున్న మనిషి! అయితే లోహాలు ఒకదానికొకటి తగిలితే చాలు కరెంటు పుడుతుందనే వోల్టా అనుకున్నాడు, అసలు పని రసాయన చర్యదని తర్వాతివాళ్లు తేల్చారు.

అక్కణ్ణుంచి ఫ్యునికులార్ (తాడుతో కొండ మీదికి లాగే రైలు) ఎక్కి బ్రునాతే కొండకు వెళ్లాలి. ఏడు నిమిషాల ప్రయాణం, కానీ ఎండాకాలంలో క్యూ మాత్రం ప్రాణం తీస్తుంది, పొద్దున్నే వెళ్లిపోండి. పైన దిగాక ఇంకో అరగంట ఎక్కుడు నడిస్తే వోల్టా దీపస్తంభం, ఇదీ 1927దే, 143 మెట్లు. వోల్టా జీవితం గురించి ఇక్కడ తెలిసేదేమీ లేదు గానీ, కింద సరస్సూ అటు ఆల్ప్సూ ఒక్కచోటి నుంచి కనపడతాయి, మోకాళ్లు బాగుంటే వదలొద్దు. ఊరి శివారులో కామ్నాగో వోల్టాలో ఆయన సమాధి ఉంది. టైమ్ తక్కువుంటే అది మానేయొచ్చు.

బసకి మేం పాత ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. తాళం గోడకున్న నంబర్ల డబ్బాలో, ఓనరేమో ఫోన్ ఎత్తడు, లిఫ్ట్ లేదు, పైగా సిటీ ట్యాక్స్ విడిగా. సరస్సు ఎదుటి హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. భోజనం మాత్రం బాగుంది. వెన్న, వెల్లుల్లి, చీజ్ దట్టించిన పొలెంటా (మొక్కజొన్న పిండి సంకటి) శాకాహారులకి ఫర్వాలేదు. మిస్సొల్తీని అని సరస్సు చేపల్ని ఎండబెట్టి వడ్డిస్తారు, అచ్చం మన ఎండుచేపలకు చుట్టాలే, నాకు నచ్చింది, మా ఆయన పక్క టేబుల్‌కి జరిగారు.

వోల్టా మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకి నా మాట: పావియాకి ఒక పూట కేటాయించండి. 1778 నుంచి 1819 దాకా ఆయన ఆచార్య పదవిలో ఉన్నది అక్కడి యూనివర్సిటీలోనే. మ్యూజియంలో ఆయన పేరిట ఒక విభాగం, ఆయన పాఠం చెప్పిన మెట్ల హాలు ఉన్నాయి. (అదే మ్యూజియంలో స్కార్పా అనే శరీరశాస్త్రవేత్త తలకాయ కూడా భద్రపరిచారు, పిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.) రోజంతా తెరిచి ఉండదు, వేళలు కనుక్కుని బయల్దేరండి. పావియా మిలాన్‌కి దక్షిణాన, కోమో ఉత్తరాన ఉన్నాయి కాబట్టి, మళ్లీ వెళ్తే కోమోలో గది తీసుకోం, మిలాన్‌లోనే మా అక్క కూతురి ఫ్లాట్‌లో ఉండి రెండూ చూసొస్తాం.