కిడ్నీ జబ్బుకి ఫోన్‌లో ఏది మేలు: యాపా, ఆభానా, వాట్సాపా, మామూలు షీటా?

"అమ్మకి క్రియాటినిన్ 1.8 వచ్చిందన్నా, ఏ యాప్ పెట్టమంటావ్?" (క్రియాటినిన్ అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు.) మా నాయనకి కిడ్నీ జబ్బని తెలిసిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. కావలి నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఒకరు, పొదలకూరు నుంచి ఇంకొకరు. అడిగేవాళ్లలో పేషెంట్లు తక్కువ, పేషెంట్ల పిల్లలే ఎక్కువ. వాళ్లుండేది హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో. విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను. ఇది డయాలసిస్ దాకా రాకుండా మందులతో, తిండితో నెట్టుకొస్తున్న వాళ్లకోసం.

ముందు నా కొలబద్ద ఏంటో చెప్తాను. నెల్లూరైనా ఒంగోలైనా కిడ్నీ డాక్టరు ముందు మనం కూర్చునేది కాసేపే, బయట ఓపీ కిటకిటలాడుతుంటుంది. ఆ కాసేపట్లో ఆయనకి ఇవాళ్టి క్రియాటినిన్ ఒక్కటే సరిపోదు. పోయినసారి ఎంత, ఏడాది కిందట ఎంత, మధ్యలో ఏం జరిగింది, ఇవన్నీ కావాలి. 1.4 నుంచి 1.8కి రెండేళ్లలో వచ్చినవాళ్లనీ, రెండు నెలల్లో వచ్చినవాళ్లనీ ఏ డాక్టరూ ఒకేలా చూడడు. ఆ వరుసని ఆయన బల్ల మీద పెట్టగలిగేదే నా దృష్టిలో పనికొచ్చేది.

వాట్సాప్‌తో మొదలుపెడదాం, అందరూ ఇప్పటికే వాడుతున్నది అదే కాబట్టి. ల్యాబ్ వాళ్లు రిపోర్టు పీడీఎఫ్ పంపుతారు, మనం ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాం. ఖర్చు లేదు, కొత్తగా నేర్చుకునేది లేదు. తిప్పలంతా వెతికేటప్పుడే. డాక్టరు "జనవరిలో పొటాషియం ఎంతుందమ్మా?" అనగానే వేలితో పైకి తోస్తూ పోతాం. పెళ్లి ఫోటోలు, శుభోదయాలు, కొండపిండాకు కషాయం గురించి ఎవరో పంపిన ఫార్వర్డు, అన్నీ దొరుకుతాయి, జనవరి రిపోర్టు తప్ప. పంపుకోవడానికి వాట్సాప్ బాగుంది. దాచుకోవడానికి బాలేదు.

తిండి లెక్కలు వేసే యాప్‌ల మీద అందరికీ ఆశ ఎక్కువ. మైఫిట్‌నెస్‌పాల్ లాంటివాటిలో సోడియం (ఉప్పులో ఉండేది), పొటాషియం (కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో పేరుకుపోయేది) కూడా కనిపిస్తాయి. కాకపోతే వాటిలోని వంటకాలు చాలావరకు వాడేవాళ్లు ఎక్కించినవే. పొటాషియం ఎంతో రాయకుండా వదిలేసిన వంటకాన్ని ఎంచుకుంటే మొత్తంలో అది సున్నాగానే కలుస్తుంది. టమాటా పప్పు తిని, అరటిపండు తిని, సాయంత్రం చూస్తే "ఇంకా తినొచ్చు" అన్నట్టు ఉంటుంది. మన తిండికైతే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్కలు నయం. 2017లో వాళ్లు వేసిన పట్టికల్లో 528 ఆహార పదార్థాలున్నాయి, గోంగూరతో సహా. న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్ కూడా వాళ్లదే. అయినా మీ ఇంట్లో ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోశారా, అదే నీళ్లతో పప్పు చేశారా అన్నది ఏ యాప్‌కీ తెలియదు. పొటాషియంలో తేడా అక్కడే వస్తుంది. ఇక ఉప్పు. రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఇంటిల్లిపాదికీ కాదు, మనిషికి ఒక టీస్పూను. కంచంలో ఎండుచేప, ఊరగాయ, అప్పడం మూడూ ఉన్నప్పుడు అది దాటిందని చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు.

ఈ యాప్‌లతో రెండు ప్రమాదాలు కూడా ఉన్నాయి. మామూలు ఫిట్‌నెస్ యాప్ గంటగంటకీ నీళ్లు తాగమని గంట కొడుతుంది. కాళ్ల వాపులున్నాయని డాక్టరు నీళ్లు తగ్గించమన్న మనిషికి అది సరిగ్గా వ్యతిరేకమైన సలహా. రెండోది, "లో సోడియం" ఉప్పు వాడితే యాప్‌లో సోడియం అంకె చక్కగా తగ్గుతుంది. ఆ ఉప్పులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియం క్లోరైడ్ అన్న సంగతి మాత్రం చాలా ఇళ్లలో తెలియదు. కిడ్నీ పేషెంటు డాక్టరుని అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు.

కిడ్నీ జబ్బుకనే ప్రత్యేకంగా చేసినవి బయటి దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో 'మై కిడ్నీస్ అండ్ మీ' అని ఒకటుంది, డయాలసిస్ దాకా రాని వాళ్లకే. అంతా ఇంగ్లీషు, తిండి కూడా వాళ్లదే. ఒంగోలులో కూర్చున్న అమ్మకి దాంతో పనిలేదు.

ఆభా సంగతి వేరు. అది మన ఆరోగ్య రికార్డులన్నీ ఒకచోట ఉండేలా ప్రభుత్వం ఇచ్చే ఖాతా. 2021లో దేశమంతా మొదలైన ఈ 14 అంకెల నంబరు ఇప్పటికే చాలామందికి ఉంది, ఉందన్న సంగతే గుర్తుండదు. ఆ వ్యవస్థలో చేరిన ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో జరిగిన పరీక్షలు మన అనుమతితో దానికి చేరతాయి, పాత కాగితాలు మనమూ ఎక్కించుకోవచ్చు. ఫోన్ పోయినా రికార్డు పోదు. నెల్లూరులో చూపించుకుని తర్వాత వేలూరుకో చెన్నైకో వెళ్లేవాళ్లకి ఇది పెద్ద సుఖం. అందుకే అందరినీ చేయించుకోమంటాను. కానీ మన టౌన్లలో చిన్న ల్యాబులు చాలావరకు ఇంకా కాగితం మీదే నడుస్తున్నాయి. పైగా ఆభాలో రిపోర్టులు ఉన్నవి ఉన్నట్టుగా, వేటికవే ఉంటాయి. డాక్టరు ఒక్కోటి తెరిచి చూడాలి. బీరువాగా ఆభా భేషు, నా కొలబద్దకి మాత్రం సగమే నిలబడింది.

చివరికి మా ఇంట్లో నిలిచింది గూగుల్ షీటు. బెంగుళూరులో ఉన్న మా చెల్లెలు నింపుతుంది, నేను ఇక్కడ చూస్తాను. ఒక్కో పరీక్షకి ఒక్కో వరుస: తేదీ, ల్యాబ్ పేరు, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ చెడ్డది), పొటాషియం, హిమోగ్లోబిన్, యూరిన్ ఏసీఆర్ (మూత్రంలో పోతున్న ప్రోటీను లెక్క), బరువు. చివర్లో విశేషాలకి ఒక గడి. ల్యాబ్ పేరెందుకంటే, ఒక్కో ల్యాబు ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. ల్యాబ్ మారితే కిడ్నీ మారకుండానే అంకె కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు. విశేషాల గడి ఇంకా ముఖ్యం. "ముందురోజు రాత్రి మటన్", "రెండు రోజులు విరేచనాలు", "మోకాళ్ల నొప్పులకి సూది వేయించుకున్నాడు" లాంటివి అందులో ఉంటాయి. క్రియాటినిన్ పెరగడానికి వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నొప్పి సూది అన్న మాట కనపడితే డాక్టరు మిగతా షీటంతా వదిలేసి ముందు దాని గురించే అడుగుతారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి చేసే చేటు అలాంటిది మరి. ఇవి రాసుకునే చోటు నేను చూసిన యాప్‌లలో ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది.

ఈజీఎఫ్ఆర్ ల్యాబ్ ఇవ్వకపోతే అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ సైట్లో లెక్క కట్టుకోవచ్చు, ఉచితమే. ఇది ఆడవాళ్ల విషయంలో తప్పకుండా చేయాల్సిన పని. 60 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.4 ఉంటే ఈజీఎఫ్ఆర్ 57 దాకా వస్తుంది. అదే వయసు, అదే 1.4 ఉన్న ఆడమనిషికి 43. కాగితం మీద "కొంచెమే ఎక్కువ" అని వదిలేసే అంకె ఆవిడకి స్టేజీ 3బీ కావచ్చు, అంటే కిడ్నీ జబ్బు ఐదు దశల్లో మూడోదాని రెండో సగం.

షీటుకి లోపం లేదనను. నింపే మనిషి ఉండాలి. పిల్లలెవరూ పట్టించుకోని ఇంట్లో అది నెల తిరక్కుండా ఆగిపోతుంది. అలాంటి ఇంటికి ఆభానే మేలు, కనీసం కాగితాలైనా ఒకచోట ఉంటాయి.

బీపీ మెషిన్ గురించి కూడా అడుగుతారు: బ్లూటూత్ ఉన్నదా, లేనిదా? ఒమ్రాన్ లాంటివాళ్ల బ్లూటూత్ మెషిన్లు రీడింగును నేరుగా ఫోన్‌కి పంపి గ్రాఫు గీస్తాయి. వినడానికి బాగుంది. మా ఇంట్లో జరిగేది వేరు. సాయంత్రం అయ్యేసరికి పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి మాస్టారు, పాలు పోసే ఆయనా వచ్చి "నాకూ ఒకసారి చూడు నాయనా" అంటారు. కాదనలేం. ఇక ఆ గ్రాఫులో ఉండేది మా నాయన బీపీ కాదు, మా వీధి బీపీ. అందుకే బ్లూటూత్‌కి పెట్టే డబ్బు చేతికి సరిపోయే పట్టీకి పెట్టమంటాను. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా టెన్షన్. మణికట్టుకి కట్టేవి వద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, మాట్లాడకుండా, పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. డాక్టరు దగ్గరికెళ్లే ముందు వారం ఇలా రాస్తే చాలు.

మందులు గుర్తుచేసే మెడిసేఫ్, మైథెరపీ లాంటివి ఉన్నాయి, ఫోన్ అలారం కన్నా నాకు పెద్ద తేడా కనపడలేదు. ఇంటి నుంచే ప్రభుత్వ డాక్టరుతో మాట్లాడే ఈ-సంజీవని మామూలు జ్వరాలకి పనికొస్తుంది, కిడ్నీ డాక్టరుకి బదులు కాదు.

అమ్మానాన్నల దగ్గర బటన్ ఫోనే ఉందంటారా, గోడ క్యాలెండరు వాడండి. బీపీ, బరువు ఆ తేదీ గడిలో పెన్నుతో రాయమనండి. నెలాఖరుకి పక్కింటి కుర్రాడెవరైనా ఆ పేజీని ఒక ఫోటో తీసి పంపితే మీరు షీటులోకి ఎక్కించుకోవచ్చు. డాక్టరు దగ్గరికి మాత్రం షీటుని ఒక్క పేజీలో పట్టేలా ప్రింటు తీసి ఇవ్వండి. ఫోన్ చేతికిస్తే మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేస్తారు.