విశాఖలో చలికాలపు సముద్రపు ఈత: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి

ఐర్లాండ్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ పొద్దున్నే వణికించే సముద్రంలో మునకేసి వచ్చేవాళ్ళ వీడియోలు చూసి, మన విశాఖలో కూడా అలా ఈదాలని బయల్దేరేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. మంచి అలవాటే, కానీ ఒక తేడా ముందే తెలిసి ఉండాలి. డబ్లిన్ తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు 8, 9 డిగ్రీలకు దిగిపోతుంది. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒడ్డున గాలి 18 డిగ్రీల దగ్గరుంటే, ఆ నీళ్ళు ఒంటికి గోరువెచ్చగానే తగులుతాయి. అక్కడ మనిషిని పడగొట్టేది చలి. ఇక్కడ లాగుడు. కాబట్టి ఈత కోసం విశాఖ వచ్చేవాళ్ళు బీచ్‌ను కెరటం విరిగే తీరు చూసి ఎంచుకోవాలి. గది ఎక్కడ తీసుకోవాలన్నది ఆ తర్వాతి మాట.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి అలలు బలంగా వస్తాయి, అప్పుడు ఈత మాట తలపెట్టొద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ ఊరి మీదుగానే. ఎక్కడో దూరంగా వాయుగుండం ఉన్నా, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున పెద్ద అలలు రావొచ్చు. బయల్దేరే ముందు రోజు రాత్రి, సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళ అలల సూచన చూడండి. అల ఎత్తు మీటరు లోపు ఉంటే సరే. ఎత్తు తక్కువే ఉన్నా, అలకూ అలకూ మధ్య వ్యవధి 12 సెకన్లు దాటితే జాగ్రత్త పడాలి. అలాంటి అలలు దూరం నుంచి వచ్చేవి. పది నిమిషాలు నెమ్మదిగా ఉన్నట్టే ఉండి, ఒక్కసారిగా మూడు నాలుగు పెద్దవి వచ్చి పడతాయి.

మార్చి, ఏప్రిల్‌లో ఇంకో విచిత్రం ఉంది. తీరం వెంట వీచే నైరుతి గాలి పైనీటిని లోపలికి నెట్టేస్తే, అడుగున ఉన్న చల్లనీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ దీన్ని ఈ తీరంలోనే పరిశీలించి నమోదు చేశాడు. ఎండ ముదిరిన రోజున కూడా నీరు అనుకున్నదానికన్నా చల్లగా తగిలితే కారణం అదే కావచ్చు.

ఇక బీచ్‌ల సంగతి. ఊళ్ళోకి దిగగానే అందరూ వెళ్ళేది ఆర్కే బీచ్‌కే. నడకకు, సూర్యోదయానికి, కురుసుర జలాంతర్గామి చూడటానికి దాన్ని మించింది లేదు. ఈతకు మాత్రం మేం వద్దంటాం. ఏటవాలు ఎక్కువ, అల ఒడ్డు మీదే విరుగుతుంది, నాలుగడుగుల్లో కాలి కింద నేల పోతుంది. పైగా ఇక్కడి ఇసుక నిలకడైంది కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంటుంది. ఔటర్ హార్బర్ గోడలు దానికి అడ్డం. అందుకే పోర్టు వాళ్ళు పూడిక తీసిన ఇసుకను ఈ బీచ్ మీదకు పంపింగ్ చేస్తుంటారు. అడుగున ఇసుకదిబ్బలు అలా మారుతూ ఉంటే, కిందటి నెల భద్రంగా ఉన్న చోట ఈ నెల రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే నీటి పాయ, ఉండొచ్చు.

రిప్ కరెంట్ ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం ఆర్కే బీచ్ రోడ్డు గట్టే మంచి బడి. కింద దిగకుండా పది నిమిషాలు గట్టు మీద నిలబడండి. తెల్లగా విరిగే కెరటాల వరుసలో ఒకచోట పది పదిహేను మీటర్ల వెడల్పున ఖాళీ కనిపిస్తుంది. అక్కడ అల విరగదు, నీరు ముదురు రంగులో ఉంటుంది, పైన చిన్న చిన్న ముడతలు పడతాయి. నురగ, ఆకులు, ప్లాస్టిక్ కవరు ఏదున్నా ఒడ్డుకు రాకుండా ఆ దారి వెంటే లోపలికి పోతుంటాయి. కెరటాలు ఇసుకదిబ్బ దాటించి ఒడ్డున పోగేసిన నీరంతా వెనక్కి పోయే కాలువ అది. కొత్తవాళ్ళకు అదే ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది, పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. దాని వేగం సెకనుకు 2 మీటర్ల దాకా పోగలదు. పోటీల్లో పతకాలు కొట్టే ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

అందులో పడితే ఒడ్డు వైపు ఈదొద్దు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికే తీసుకుపోతుంది. మునిగేది భయంతోనూ అలసటతోనూ. వెల్లకిలా తేలి ఊపిరి సర్దుకోండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. తర్వాత తీరానికి సమాంతరంగా 40, 50 మీటర్లు ఈది, కెరటాలు తెల్లగా విరుగుతున్న చోటు చేరితే ఆ కెరటాలే ఒడ్డుకు తెస్తాయి. ఒడ్డునున్నవాళ్ళు కాపాడదామని వెంటనే దూకడం వల్ల ఒకరి బదులు ఇద్దరు పోతున్నారు. తేలే వస్తువు ఏదైనా విసరండి. మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాను కూడా మనిషిని మోస్తుంది.

ఈతకు మా మొదటి ఓటు రుషికొండకు. శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. ఈతకు హద్దు గీసిన భాగం, లైఫ్‌గార్డులు, స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. కొండ ఒక పక్క కాపు కాయడంతో వాలు కూడా కాస్త నయం. అయితే ఈతగాళ్ళు వచ్చే వేళకు లైఫ్‌గార్డులు వచ్చి ఉండరు. డిసెంబరు, జనవరిలో సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య. చీకట్లో దిగడం కన్నా కాపలా మనిషి కంటబడేదాకా ఆగడం మేలు. సెలవు రోజుల్లో వాళ్ళు నడుంలోతు దాటి పోనివ్వకపోవచ్చు, వాదించొద్దు. పొడవుగా ఈదాలనుకుంటే మామూలు రోజున వచ్చి, ఎంత దూరం, ఎంతసేపు అన్నది ముందే చెప్పండి. తీరానికి సమాంతరంగా 250 మీటర్లు వెళ్ళి రావడం మొదటి రోజుకు చాలు. ముందు నీటి లాగుడుకు ఎదురు వెళ్ళండి, అలిసిపోయాక తిరుగుదారిలో అదే తోడొస్తుంది.

యారాడ చూడ్డానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత చెడ్డది. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతలికి ఘాట్ దారిలో వెళ్ళాలి, ఏదైనా జరిగితే ఆస్పత్రి దూరం, అలలు మొరటు. సాగర్‌నగర్ ప్రశాంతంగా ఉంటుంది కానీ కాపలా ఉంటుందన్న భరోసా లేదు. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం వైపు రాళ్ళు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గరే ఒడ్డెక్కింది. ఓడనే తోసిన గాలివానకు మనిషొక లెక్క కాదు. డాల్ఫిన్స్ నోస్, పోర్టు మార్గం, నేవీ స్థలాల దరిదాపుల్లో ఈదడం నిషేధమనే అనుకోండి.

మంగమారిపేట జాలర్ల ఊరు, రాతి తోరణం చూడ్డానికి జనం వస్తారు. మాస్కు పెట్టుకుని రాళ్ళ మధ్య చేపలు చూడాలనేవాళ్ళు స్కూబా శిక్షకులతోనే దిగాలి, ఆల్చిప్పలు పట్టిన రాయి బ్లేడులా కోస్తుంది. భీమిలిలో ఒడ్డు లోతు తక్కువ, పిల్లలున్న కుటుంబాలకు నచ్చుతుంది. గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దగ్గరకు మాత్రం పోవద్దు. పోటు వెనక్కి తీసే వేళ ఏటినీరూ సముద్రపు నీరూ కలిసి ఒకే దారిన బయటికి పరుగెడతాయి. వర్షాల తర్వాత అక్కడ నీరు ఎర్రమట్టి రంగులో ఉంటే, చెవులు, కళ్ళు ఇన్ఫెక్షన్ల పాలవుతాయి.

ఏ బీచ్‌లోనైనా వలలు సర్దుకునే జాలరిని "ఈ రోజు నీరు ఎటు లాగుతోంది బాబాయ్?" అని అడగండి. "ఇటేపు దిగకండి బాబూ, లాగేస్తది" అన్నాడంటే ఆ మాటే ఆ రోజుకు వేదం. ఏ ఫోన్ యాప్‌లోనూ ఆ గజం భూమి లెక్క ఉండదు.

బస నాలుగు చోట్ల దొరుకుతుంది. బీచ్ రోడ్డులో పెద్ద హోటళ్ళు, లోపలి వీధుల్లో మామూలు లాడ్జీలు ఉన్నాయి. తిండికీ, కేజీహెచ్ పెద్దాస్పత్రికీ దగ్గర. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఈతకొలను కూడా ఈ రోడ్డులోనే ఉంది, సముద్రం బాగాలేని రోజున పనికొస్తుంది. కానీ ఈతకు పొద్దున్నే రుషికొండ పోవాలి. అప్పూఘర్ దగ్గర పర్యాటక శాఖ యాత్రీ నివాస్ ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. ఈతే ముఖ్యమైతే రుషికొండలోనే గది తీసుకోవడం మా సలహా. గీతం ఆస్పత్రి కూడా ఆ దగ్గర్లోనే. భీమిలిలో రిసార్టులు బాగుంటాయి కానీ తెల్లవారుజామున క్యాబ్ దొరకడం కష్టం. పగలు 900K నంబరు సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా నడుస్తుంది. డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా గదుల రేట్లు బాగా పెరుగుతాయి.

గది ఖాయం చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇసుక కాళ్ళు కడుక్కోవడానికి బయట కుళాయి ఉందా? వేడినీళ్ళు పొద్దున ఎన్నింటికి వస్తాయి? తడిబట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీలో తీగ ఉందా? "సీ వ్యూ" అన్న మాటకు వెయ్యి రూపాయలు అదనంగా ఇచ్చేకన్నా ఇవి ఎక్కువ అక్కరకొస్తాయి.

సామాను తక్కువే. నడుముకు కట్టుకునే నారింజరంగు గాలితిత్తి, అంటే టో ఫ్లోట్, తప్పనిసరి. మరబోటు నడిపేవాడికి నీళ్ళలో మనిషి తల కొబ్బరికాయంత కూడా కనపడదు. టోపీ నారింజ లేదా గులాబీ రంగుది, నీలం వద్దు. గాగుల్స్ పొగరంగువి కావాలి. భీమిలి వైపు ఈదేటప్పుడు కుడిపక్క ఊపిరి తీసుకుంటే పొద్దుటి సూర్యుడు నేరుగా కళ్ళలో పడతాడు. చంకలకూ మెడకూ వాజలీన్ రాయకపోతే ఉప్పునీటి ఒరిపిడికి 20 నిమిషాల్లో తోలు లేస్తుంది. చల్లనీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు రబ్బరు దుస్తు, అంటే వెట్‌సూట్, ఇక్కడ దండగ. అంతర్జాతీయ ఓపెన్ వాటర్ పోటీల్లో నీరు 20 డిగ్రీలున్నా వెట్‌సూట్‌ను అనుమతించరు. 25 డిగ్రీల నీటిలో అది వేసుకుని గట్టిగా ఈదితే ఒళ్ళు వేడెక్కి కళ్ళు తిరుగుతాయి. జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీటితోనే కడగాలి, మంచినీళ్ళు పోస్తే మిగిలిన విషపు కణాలు పగులుతాయి. తీగల్ని చిన్న పట్టకారుతో తీసేసి, తట్టుకోగలిగినంత వేడినీటిలో, 45 డిగ్రీలు మించకుండా, 20 నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోతే 108. నీటిలో మనిషి గల్లంతైతే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్యనున్న ఇంగ్లిష్ చానెల్ లాంటి నిజమైన చల్లనీటికి సిద్ధమయ్యేవాళ్ళకు విశాఖ సముద్రం దూరాన్ని, కెరటాన్ని నేర్పుతుంది, చలిని నేర్పలేదు. చానెల్‌కు అర్హత కోసం 16 డిగ్రీలలోపు నీటిలో ఆరు గంటలు ఈదాలి, వెట్‌సూట్ లేకుండా. ఆ చలి ఇక్కడ తొట్టిలోనే దొరుకుతుంది. 300 లీటర్ల తొట్టిలో 150 లీటర్ల నీరు పోసి 27 డిగ్రీల నుంచి 15కు దించాలంటే లెక్క ప్రకారం 19 కిలోల ఐసు చాలు, గాలికీ తొట్టికీ పోయేది కలుపుకుని 25 కిలోలు తెచ్చుకోండి. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఐసు దిమ్మలు అమ్ముతారు. అది చేపల ఐసు, నోట్లోకి పోనివ్వొద్దు. థర్మామీటరు ముంచి చూశాకే దిగాలి.

దిగిన మొదటి రెండు మూడు నిమిషాలు ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది. సముద్రంలో మనిషి నీళ్ళు మింగేది ఆ నిమిషాల్లోనే. అందుకే ముందు మొహం, మెడ తడిపి, నెమ్మదిగా దిగి, ఊపిరి బయటికి వదలడం మీదే ధ్యాస పెట్టాలి. మొదటి వారం రెండు నిమిషాలు, తర్వాత వారానికో నిమిషం పెంచుకుంటూ పోవచ్చు. ఒంటరిగా ఎప్పుడూ వద్దు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు మాట వినకుండా అసలే వద్దు. బయటికొచ్చాక ఒళ్ళు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది, వణుకు పది నిమిషాల తర్వాత ముదురుతుంది. వెంటనే వేడినీళ్ళు పోసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. తడిబట్ట తీసేసి, పైనుంచి కిందికి పొడిబట్టలు వేసుకుని, టోపీ పెట్టుకుని, వేడి రాగిజావ తాగుతూ కూర్చోండి. వణుకు పూర్తిగా ఆగేదాకా బండి తాళం ఇంకొకరి చేతిలో ఉండాలి.