రాక్షస రాజు పక్కన ఎవరుంటే మేలు: భయస్తుడా, భక్తుడా, బాకీదారా?

దసరా వచ్చిందంటే విజయవాడలో మహిషాసురుడి పేరు వినపడని వీధి ఉండదు. ఇంద్రకీలాద్రి మీద మహిషాసురమర్దిని అలంకారం రోజున క్యూలో నిలబడ్డ వాళ్లలో ఎవర్నైనా ఆపి, మహిషుడి సేనాని పేరేంటని అడిగి చూడండి. నూటికి తొంభై మంది నీళ్లు నములుతారు. దేవీ మాహాత్మ్యంలో ఆ పేరుంది: చిక్షురుడు. అతనితో పాటు చామరుడు, ఉదగ్రుడు, అసిలోముడు, బాష్కలుడు, బిడాలుడు, ఇంకా చాలామంది ఉన్నారు. ఆ సేన తరిగిపోయాకే మహిషుడు దున్నపోతు రూపంలో స్వయంగా దిగుతాడు. చామరుడు ఏనుగెక్కి వస్తే అమ్మవారి సింహం ఎగిరి దాని కుంభస్థలం మీద దూకుతుంది. కొన్ని శ్లోకాల్లో అతని కథ అయిపోతుంది. పేరుంది, పదవి ఉంది, చావు కూడా ఉంది. ఆ రాజు కోసం ఎందుకు చచ్చాడన్నది మాత్రం లేదు.

ఫ్యాన్ ఫిక్షన్, అంటే తెలిసిన కథల్లోని పాత్రలతో సొంత కథలు రాసేవాళ్లకి ఇంతకంటే మంచి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? కానీ విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు రాసి నాకు చదవమని పంపే కథల్లో ఎక్కువ శ్రద్ధ రాజు మీదే. కొమ్ములు, శాపం, పాత పగ, మంచుకొండల మధ్య నల్లటి కోట. (మే నెల బెజవాడ ఎండలో కూర్చుని మంచు గురించి అంత ధీమాగా ఎలా రాస్తారో! కొండపల్లి ఖిల్లా పక్కనే ఉంది కదా.) రాజు బాగానే కుదురుతాడు. కథ చతికిలపడేది పక్కనున్న వాళ్ల దగ్గర. వాళ్లు ఎందుకు నమ్మకంగా ఉన్నారో రాసేవాళ్లకే తెలియదు.

ఇలాంటి అనుచరులు ముఖ్యంగా మూడు రకాలు: రాజంటే వణికే భయస్తుడు, రాజుని గుడ్డిగా కొలిచే భక్తుడు, రాజుకి రుణపడిపోయిన బాకీదారు. నా ఓటు ఎవరికో ముందే చెప్పేస్తాను: బాకీదారుకి. అలాగని మిగతా ఇద్దరూ పనికిరారని కాదు.

భయస్తుణ్ణి రాయడం తేలిక. దూత చెడ్డ వార్త తెస్తాడు, రాజు వాడి తల నరుకుతాడు, మిగతావాళ్లు వణుకుతారు. రాజు క్రూరుడని పాఠకుడికి ఒక్క సీన్లో తెలిసిపోతుంది. అదే సీన్ నాలుగోసారి వస్తే, ఇంకా ఇక్కడ ఉద్యోగం చేసేవాడెవడని పాఠకుడు నవ్వుకుంటాడు. భయానికి అంతకంటే మంచి వాడకం వాల్మీకి రామాయణంలో ఉంది. జనస్థానంలో పద్నాలుగు వేల మంది రాక్షసులు చచ్చారని రావణుడికి మొదట చెప్పేది అకంపనుడు. చెప్పే ముందు చేతులు జోడించి అభయం అడుగుతాడు. అభయం దొరికాక వార్త చెప్పి ఊరుకోడు, సీతని ఎత్తుకురమ్మని సలహా కూడా ఇస్తాడు. రాజు కోపం తన మీద పడకుండా ఇంకో దిక్కుకి మళ్లించాడని చదువుకోవచ్చు. వాల్మీకి ఆ మాట అనలేదు, అది నా ఊహ. ఫ్యాన్ ఫిక్షన్ పుట్టేదే అలాంటి ఊహలోంచి. భయపడే అనుచరుడు వణకడం కంటే, వణుకుతూ ఏం దాచాడు, ఏం మార్చి చెప్పాడు అన్నది రాస్తే కథ నడుస్తుంది. అలాంటి వాళ్లు చుట్టూ ఉన్న రాజుకి ఒక్క నిజం కూడా చేరదు. వాడు ఓడిపోవడానికి హీరో దగ్గర మాయకత్తి ఉండక్కర్లేదు.

భక్తుడు ఈమధ్య బాగా పెరిగాడు. కారణం అనిమే అనే జపాన్ యానిమేషన్ కథలు. మామూలు మనిషి ఇంకో లోకంలో రాక్షస రాజుగా మేల్కొంటాడు, చుట్టూ ఉన్న భూతాలన్నీ మోకరిల్లుతాయి. మా గుంటూరు హాస్టళ్లలో రాత్రంతా అవి చూసే పిల్లలు రాసే కథల్లోనూ అదే వరస. రాజు దగ్గితే అందులో యుద్ధవ్యూహం ఉందని అనుచరులు అర్థం చేసుకుంటారు. రాజేమో లోపల టెన్షన్‌తో చస్తుంటాడు. హాస్యానికి దీన్ని మించింది లేదు, నేను కూడా పగలబడి నవ్వాను. కానీ ఆ నవ్వు అయిపోయాక ఏం మిగులుతుంది? రాజు ఊరు తగలబెట్టమంటే తగలబెడతారు, వద్దంటే మానేస్తారు. వాళ్లకంటూ ఒక నిర్ణయం లేదు. మంత్రంతో కట్టేసిన బానిసలదీ ఇదే ఇబ్బంది. ఆ కట్టు తెగే రోజు రాయకపోతే వాళ్లు సామాన్ల కిందే లెక్క.

భక్తుడికి ప్రాణం పోయాలంటే ఇంద్రజిత్తుని చూడాలి. సభలో విభీషణుడు హితవు చెబుతుంటే పిరికివాడని ఈసడించేది అతనే. తండ్రి తప్పు చేసి ఉండొచ్చన్న ఆలోచన అతని బుర్రలోకే రాదు. అంత శూరుడికి అంత చిన్న లోకం. ఆ కోణంలో రాస్తే భక్తి కూడా గుండెని పిండుతుంది.

ఇక బాకీదారు. రాజు చేసేది తప్పని ఇతనికి తెలుసు, మొహం మీదే చెబుతాడు కూడా. అయినా వెళ్లడు. కుంభకర్ణుణ్ణి నిద్ర లేపితే ముందు అన్నకి నీతి చెబుతాడు, తర్వాత ఆ అన్న కోసమే యుద్ధానికి వెళ్లి చస్తాడు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాని దగ్గరగా చూసినవాళ్లకి ఈ మనిషి వెంటనే అర్థమవుతాడు. షావుకారు లెక్కల్లో ఏది దొంగలెక్కో అతనికి తెలుసు. కూతురి పెళ్లికి అడక్కుండానే డబ్బిచ్చింది ఆ షావుకారేనని కూడా తెలుసు.

అందుకే బాకీ ఏంటన్నది గట్టిగా చూపించాలి. "ఒకప్పుడు ప్రాణం కాపాడాడు" అని ఒక్క లైన్ రాస్తే సరిపోదు. అస్త్రవిద్య ప్రదర్శనలో కులం అడిగి కర్ణుడి నోరు మూయించినప్పుడు, దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం ఇస్తాడు, అందరి కళ్ల ముందు. అందరూ చూస్తుండగా తీసుకున్న బాకీని చాటుగా తీర్చి వెళ్లిపోవడం కుదరదు. తర్వాత కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యమే నీదంటే కూడా కర్ణుడు కదలకపోవడానికి బలం ఆ సీన్లోంచే వస్తుంది. మీ కథలో బాకీ సీన్ ఒక పూర్తి భాగం తిన్నా నష్టం లేదు.

బాకీ రెండో వైపు నుంచి కూడా పనిచేస్తుంది, దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. రావణుడు పంపిన శుక సారణులు రాముడి సేనని చూసొచ్చి ఉన్నదున్నట్టు చెబుతారు. శత్రువుని పొగిడారని రావణుడు మండిపడతాడు. చంపేవాణ్ణే గానీ మీరు గతంలో చేసిన మేలు గుర్తొచ్చి వదిలేస్తున్నానని వెళ్లగొడతాడు. రాక్షస రాజు కూడా అప్పున్నాడన్నమాట. సింహాసనం మీదున్నవాడు ఒక్కసారి ఇలా తగ్గితే, పది పేజీల ఫ్లాష్‌బ్యాక్ చేయలేని పని అయిపోతుంది.

బాకీదారుతో ప్రమాదం లేకపోలేదు. అతని కళ్లతో చూసేసరికి రాజు మంచివాడైపోతాడు. గుంటూరు స్నేహితురాలు ఒకామె ఉండవల్లి గుహల్లో ఉండే అసురరాజు కథ రాసింది. కృష్ణ వరదలో కొట్టుకుపోతున్న పిల్లాణ్ణి ఆ రాజు లాగుతాడు, వాడే పెద్దయ్యాక సేనాని. చాలా బాగా మొదలైంది. సగానికొచ్చేసరికి రాజు అనాథల్ని సాకుతున్నాడు. వాడి పేరు చెబితే జడిసే ఊళ్లే కథలో కనపడలేదు. అలాంటప్పుడు ఏకచక్రపురాన్ని గుర్తు తెచ్చుకోవాలి. బకాసురుడికి వంతు ప్రకారం బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటితో పాటు తోలుకొచ్చిన మనిషి. ఆ మనిషి ఇంట్లో ముందు రోజు రాత్రి ఏడుపు. ఆ ఇంటిని మీ సేనాని ఒక్కసారైనా చూడాలి, చూసి కూడా రాజు దగ్గరికే తిరిగి రావాలి. అప్పుడే పాఠకుడికి అతని మీద జాలి, కోపం కలిసి వస్తాయి.

అయిదారు పేజీల కథైతే నేను భయస్తుణ్ణే తీసుకోమంటాను, బాకీ చూపించేంత చోటుండదు. నవ్వించాలనుకుంటే భక్తుడు. ప్రతిలిపి లాంటి కథల యాప్‌లో భాగాలు భాగాలుగా నెలల తరబడి నడిపేదానికైతే బాకీదారు. ముగ్గురూ ఒకే కొలువులో ఉంటే ఇంకా మంచిది, కథ చెప్పే గొంతు మాత్రం బాకీదారుది కావాలి.

ఎందుకంటే రాజు చచ్చాక తేడా బయటపడుతుంది. బకుడు ఒంటరివాడని చాలామంది అనుకుంటారు గానీ, వాడు చచ్చాక చుట్టాలు, పరిచారకులు బయటికొస్తారు. ఇకమీదట మనుషుల్ని చంపబోమని ఒప్పుకుంటేనే భీముడు వాళ్లని వదులుతాడు. భారతం అక్కడ వాళ్లని వదిలేసి ముందుకెళ్లిపోతుంది. ఆ సాయంత్రం భయస్తుడు ఊపిరి పీల్చుకుంటాడు. భక్తుడికి బతకడానికి కారణం ఉండదు. బాకీదారుకి మాత్రం తీరని అప్పుంది, భీముడికిచ్చిన మాటా ఉంది, బహుశా ఇంట్లో రాజు కొడుకు కూడా ఉన్నాడేమో. రెండో పుస్తకం అక్కడే మొదలవుతుంది. కాబట్టి అతణ్ణి మొదటి యుద్ధంలోనే చంపేయకండి.