కాంగ్ ఎక్స్‌ట్రీమ్: పెద్ద దవడలకు నల్ల రబ్బరే

కాంగ్ అంటే లోపల తిండి నింపి కుక్కకు ఇచ్చే బోలు రబ్బరు బొమ్మ. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ లాంటి కుక్కలకు అందులో ఎరుపుది కాదు, ఎక్స్‌ట్రీమ్ అనే నల్లది కొనండి. ఎరుపు రబ్బరు మెత్తన. గట్టిగా నమిలే కుక్క అంచులు పీకేస్తుంది. సైజు విషయంలో పిసినారితనం వద్దు. 13 నుంచి 30 కిలోల కుక్కకు లార్జ్, అది దాటి 40 కిలోల దాకా ఎక్స్‌ట్రా లార్జ్, ఇంకా బరువైతే డబుల్ ఎక్స్‌ట్రా లార్జ్. బొమ్మ మొత్తం నోట్లోకి వెళ్లి వెనక పళ్ల దాకా పోతోందంటే చిన్నదన్నట్టే, గొంతుకు అడ్డం పడొచ్చు.

అసలు పనితనం లోపలి బోలులో ఉంది. చిన్న రంధ్రాన్ని కొంచెం ఉడికించిన గుమ్మడి ముద్దతో మూయండి. నానబెట్టిన పెడిగ్రీ గింజలు, ఉప్పు వేయని పెరుగన్నం కలిపి పెద్ద రంధ్రం నుంచి వదులుగా నింపి, నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. కూరి కూరి నింపితే కుక్క విసిగి వదిలేస్తుంది. పీనట్ బటర్ వాడితే డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు కలిపే తీపి పదార్థం) లేదని చూసుకోండి, అది కుక్కలకు విషం. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష కూడా అంతే. చిన్న రంధ్రాన్ని తినలేని వస్తువుతో బిగించొద్దు. గాలి ఆడక నాలుక లోపల ఇరుక్కుంటుంది.

కడగడమే దీని పెద్ద తలనొప్పి. లోపలి మడతల్లో పెరుగు ఎండితే మామూలు పీచు చేరదు. పాలసీసాల బ్రష్ కావాలి. ఒక్క పూట అలా వదిలేస్తే చీమల బారు ఖాయం. ధర కూడా ఎక్కువే, కానీ వారానికొక చవక బొమ్మ చింపించడం కన్నా నయం. ముక్క ఊడినా, లోతుగా చీలినా ఆ రోజే పారేయండి.