కొండపల్లి దుప్పి బొమ్మ: కొమ్ములు లెక్కపెట్టి మరీ చేయించుకున్నది

ముందే చెప్పేస్తాను, బొమ్మ బాగుంది, పెట్టిన డబ్బుకి తగ్గట్టే ఉంది, చెప్పిన రోజుకి మాత్రం రాలేదు. ఇక నేను రాయబోయేదంతా దాదాపు కొమ్ముల గురించే. దుప్పి బొమ్మ కొనేటప్పుడు అందరం ముఖం చూస్తాం, చుక్కలు చూస్తాం, రంగు ఊడుతుందా అని గోటితో గీకి చూస్తాం, కొమ్ములు మాత్రం ఎవరమూ లెక్కపెట్టం. నేనూ లెక్కపెట్టలేదు, అందుకే మొదటిసారి 2,400 రూపాయలు వృథా అయ్యాయి.

మావాడికి తొమ్మిదేళ్ళు. వైజాగ్ జూలో చుక్కల దుప్పుల్ని చూసొచ్చిన దగ్గర్నుంచి వాడికి అదే ధ్యాస. పుట్టినరోజుకని ఇక్కడే విజయవాడలో ఒక హోమ్ డెకార్ షాపులో గోడకి తగిలించే దుప్పి తల కొన్నాను, రెసిన్‌తో పోతపోసింది, డబ్బా మీద చుక్కల దుప్పి అనే రాసుంది. ఇంటికొచ్చి విప్పితే ఎడమ కొమ్ము మీది ఒక మొన విరిగి డబ్బా అడుగున పడుంది. పట్టుకెళ్తే, విప్పాక మార్చం అన్నారు. సరే, ఫెవిక్విక్‌తో అతికించుకుందాంలే అనుకున్నాను. కానీ విరిగిన మొన కన్నా పెద్ద తప్పు అందులో ఉందని ఆ రాత్రే తెలిసింది.

మా బావమరిది అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటాడు, ఆఫీసు స్నేహితులతో కలిసి నాలుగేళ్ళుగా సీజన్‌లో వేటకి వెళ్తున్నాడు, అక్కడ లైసెన్సు తీసుకుంటే అది చట్టబద్ధమే. వీడియో కాల్‌లో తల చూపించగానే వాడి కళ్ళు కొమ్ముల మీదకే వెళ్ళాయి. "బావా, ఇది మన దుప్పి కాదు. ఇది మా దగ్గర తిరిగే వైట్‌టెయిల్, టెన్ పాయింట్ బక్" అన్నాడు. వైట్‌టెయిల్ అంటే అక్కడి తెల్లతోక దుప్పి, బక్ అంటే మగది. పది ఎలా వచ్చిందిరా అని అడిగితే గంటసేపు చెప్పాడు, మావాడు పక్కనే కూర్చుని నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంటూ విన్నాడు.

లెక్క ఇలా ఉంటుంది. కొమ్ముకి ఒక ముఖ్యమైన కాడ ఉంటుంది, దాని మీంచి మొనలు లేస్తాయి, ఒక్కో మొనా ఒక పాయింట్. కంటి పైన మొదట వచ్చేది నుదుటి మొన, తర్వాత ఒక్కొక్కటీ. కాడ చివర కూడా ఒక పాయింటే, చాలామంది దాన్నే మర్చిపోతారట. మా రెసిన్ తలకి ఒక్కో పక్క కాడ మీద నాలుగు మొనలు, కాడ చివరతో ఐదు, రెండు పక్కలా పది. అమెరికాలో తూర్పు రాష్ట్రాల వాళ్ళు ఇలా రెండు పక్కలా కలిపి చెప్తారు. పడమటి వైపు వాళ్ళు ఒక్క పక్కే చెప్తారు, కాబట్టి తూర్పున ఎయిట్ పాయింట్ అనేది అక్కడ ఫోర్ పాయింట్ అవుతుంది, లేదంటే ఫోర్ బై ఫోర్ అంటారు. పైగా పడమట చాలామంది నుదుటి మొనని లెక్కలోకే తీసుకోరు. అంటే ఇద్దరు వేటగాళ్ళు ఒకే జంతువుని చూసి రెండు అంకెలు చెప్పినా ఇద్దరిదీ కరెక్టే. ఒక పక్క నాలుగు, రెండో పక్క ఐదు ఉంటే తూర్పు వాళ్ళకి అది నైన్ పాయింట్, పడమటి వాళ్ళకి ఫోర్ బై ఫైవ్.

ఇక ఏది మొన, ఏది ఉత్త బుడిపె అన్నది ఇంకో పేచీ. కనీసం ఒక అంగుళం పొడవు ఉంటేనే పాయింట్. కొమ్ములకి స్కోరు వేసి రికార్డులు ఉంచే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అని ఒకటుంది, 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టింది, వాళ్ళ పద్ధతిలో అంగుళం పొడవుతో పాటు ఆ పొడవు వెడల్పు కన్నా ఎక్కువ కూడా ఉండాలి. టేపు లేని పాతకాలం వాళ్ళు మాత్రం ఉంగరం తగిలించి చూసేవాళ్ళట, జారిపోకుండా వేలాడితే పాయింట్ కింద లెక్క. మావాడు వెంటనే వాళ్ళమ్మ వేలి ఉంగరం తీయించి రెసిన్ తల మీద ఒక్కో మొనకీ తగిలించుకుంటూ పోయాడు. కుడి కొమ్ము మొదట్లో ఉన్న చిన్న బుడిపె మీద అది నిలవలేదు, జారి నేల మీద పడింది. "ఇది కాదు మావయ్యా" అని వాడే తేల్చేశాడు.

ఇదేదో కాలక్షేపానికి వేసుకునే లెక్క కాదు, అక్కడ తప్పు లెక్కపెడితే కేసే. పెన్సిల్వేనియాలో 2002 నుంచి, చాలా ప్రాంతాల్లో ఒక పక్క కనీసం మూడు పాయింట్లు ఉంటేనే కాల్చాలి, పడమటి భాగంలోనైతే ఇప్పుడు నుదుటి మొన కాకుండా మూడు ఉండాలి. లేత వయసు మగవాటిని బతకనివ్వడానికి పెట్టిన నియమం అది. చెట్ల మధ్య, మసక వెలుతురులో, బైనాక్యులర్‌లోంచి మొనలు లెక్కపెట్టి తేలకపోతే తుపాకీ దించేయాలి. బావమరిది నిరుడు అలాగే వదిలేశానని చెప్పాడు. నాకు వేట నచ్చదు, ఆ మాట వాడికీ తెలుసు, కానీ లెక్క తేలలేదని వదిలేశానన్న మాట విన్నాక వాడి మీద గౌరవం పెరిగింది. ఇంకోటి కూడా చెప్పాడు, మొనల సంఖ్యని బట్టి వయసు చెప్పలేమట. కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ కొత్తవి మొలుస్తాయి కాబట్టి ఆ ఏడు తిన్న తిండి, వంశం, వయసు అన్నీ కలిసి తేలుస్తాయి.

మరి మన చుక్కల దుప్పికి ఎన్ని? పక్కకి మూడు, మొత్తం ఆరు. నుదుటి మొన ఒకటి, కాడకి దాదాపు అడ్డంగా ముందుకి పొడుచుకొస్తుంది. ఆ తర్వాత కాడ ఖాళీగా పొడుగ్గా సాగి, పైన రెండుగా చీలుతుంది, ఆ రెండింట్లో బయటిది పొడుగు, లోపలిది పొట్టి. మన కృష్ణజింకకి అసలు పాయలే ఉండవు, రెండూ మెలితిరిగిన కొమ్ములు, అవి రాలవు కూడా. ఇంత తేడా ఉంటే పది మొనల అమెరికా తల మీద చుక్కల దుప్పి అని అచ్చేసి అమ్మేస్తే ఎలా? పిల్లవాడు రోజూ చూసేది అదే కదా.

అప్పుడు వెళ్ళాను కొండపల్లి. విజయవాడకి 20 కిలోమీటర్ల దూరం, ఆదివారం పొద్దున్నే బండి మీద వెళ్ళి, దుకాణాల్లో ఉన్న జింక బొమ్మలన్నీ చూశాను. అందంగానే ఉన్నాయి, కానీ కొమ్ములు ఒక్కోదానికి ఒక్కోలా, ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టారు. చివరికి ఇంట్లోనే బొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర ఆగి, మావాడి నోట్‌బుక్ చూపించి, ఇలాగే కావాలి బాబాయ్ గారూ అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని బొమ్మని చాలాసేపు చూసి, "పక్కకి మూడేనా బాబూ? మేం ఇన్నాళ్ళూ నాలుగు పెడుతున్నామే" అన్నారు. ఫోన్‌లో ఫొటోలు తీసి చూపిస్తే వేలితో తెర మీద ఒక్కోటీ లెక్కపెట్టుకున్నారు. ధర 1,800, అందులో 500 అడ్వాన్సు, పదిహేను రోజుల్లో ఇస్తామన్నారు.

పట్టింది ఇరవై ఆరు రోజులు. బొమ్మలు చెక్కే పొణికి కర్ర ఆరలేదని ఒకసారి, ఇంట్లో పెళ్ళని ఒకసారి. పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది కాబట్టి సరిపోయింది, తేదీ ముఖ్యమైన వాళ్ళు మాత్రం నెల ముందే చెప్పుకోండి.

బొమ్మ పదకొండు అంగుళాల ఎత్తు, చేతిలోకి తీసుకుంటే ఇంత తేలిగ్గా ఉందేమిటి అనిపిస్తుంది, తెల్ల పొణికి గుణం అది. ఒళ్ళు, కాళ్ళు, తల, కొమ్ములు అన్నీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. నేను భయపడింది ఆ అతుకుల గురించే. నుదుటి మొన కాడని కలిసేచోట వేలితో తడిమి చూశాను, గీత కూడా తగల్లేదు, చెట్టు కొమ్మ లోంచి రెమ్మ వచ్చినట్టే ఉంది. పైన చీలిక దగ్గర బయటి మొన పొడుగు, లోపలిది పొట్టి, ఆ సంగతి నేను ఒక్కసారే చెప్పాను, ఆయన మర్చిపోలేదు. టేపు పెడితే నుదుటి మొన అంగుళం మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ ఉంది.

లోపాలు లేవని కాదు. చుక్కలన్నీ ఒకే సైజులో, బొట్టు పెట్టినట్టు వరసగా ఉన్నాయి, నిజం దుప్పికి చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. రంగు వాసన రెండు రోజులు పోలేదు. మూడో వారం ఎడమ కొమ్ము లోపలి మొన కాస్త కదిలింది, పట్టుకెళ్తే పెద్దాయన పైసా తీసుకోకుండా అక్కడికక్కడే మక్కు పెట్టి సరిచేశారు. ఇలా చేసేవాళ్ళ దగ్గర కొనడంలో ఉన్న సుఖం ఇదే. కానీ మొనలు సన్నగా ఉంటాయి, పిల్లలు కొమ్ము పట్టుకుని ఎత్తకుండా చూసుకోవాలి.

ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, నిజం కొమ్ములు ఎక్కడైనా దొరుకుతాయేమో అని వెతక్కండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నిషేధం, దుప్పి కొమ్ములు అమ్మడం, కొనడం నేరం. అడవిలో రాలి పడిందే కదా అని ఇంటికి తెచ్చుకోవడం కూడా కుదరదు.

బొమ్మ వచ్చిన రోజు బావమరిదికి కాల్ చేసి చూపించాం. "సిక్స్ పాయింట్, మావయ్యా! మీ పడమటి వాళ్ళకైతే త్రీ బై త్రీ" అని వాడు ఏమీ అనకముందే మావాడు చెప్పేశాడు. పోయిన ఆదివారం మళ్ళీ కొండపల్లి వెళ్ళి కణితి, అంటే సాంబర్ దుప్పి, బొమ్మకి 500 అడ్వాన్సు ఇచ్చి వచ్చాను. దానికీ ఆరు మొనలే, కాకపోతే కాడ లావుగా గరుగ్గా ఉంటుంది, పై చీలికలో రెండూ దాదాపు సమానం. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మన్నారు పెద్దాయన, గోడకి మేకు కొట్టి తగిలించుకున్నారు.