ఫోటోలకైతే వెళ్లండి, తిండి మాత్రం ఇంట్లో తినేసి వెళ్లండి

మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. వాడి ఫోటోలేమో అన్నీ పాస్‌పోర్టు సైజువి, లేదంటే ఎవరిదో పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి కోసినవి, పక్కవాడి చెయ్యి వీడి భుజం మీద అలాగే ఉండిపోయింది. ఒక అమ్మాయి వాళ్లు "అబ్బాయివి కాస్త న్యాచురల్‌గా ఉన్న ఫోటోలు ఉంటే పంపండి" అనేసరికి, కెమెరా ఉన్న వాడి ఫ్రెండ్‌ని వెంటేసుకుని పోయిన ఆదివారం జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్‌కి వెళ్లాం. పాత ఇంటిని కేఫ్‌గా మార్చారు, నిలువెత్తు కిటికీలు, బయట చెట్లు. పేరు రాయను, బిల్లు దగ్గర గొడవైంది.

ముందు హాలు మధ్యలో టేబుల్ ఇచ్చారు. నెత్తి మీద వేలాడే బల్బు ఉన్న టేబుల్ ఇస్తే వెంటనే లేచిపోండి, పైనుంచి పడే లైటుకి కళ్లు గుంటల్లోకి పోయి మనిషి వారం రోజులు జ్వరపడి లేచినట్టు ఉంటాడు. పైగా ఒక పక్క పసుప్పచ్చ బల్బు, ఇంకో పక్క కిటికీ వెలుగు, కెమెరా రెండింట్లో ఏదో ఒకదానికే సర్దుకుంటుంది కాబట్టి వాడికి ఒక చెంప పసుపు రాసినట్టు, ఇంకోటి నీలంగా వచ్చింది.

నలభై నిమిషాలు కాచుకుంటే కిటికీ టేబుల్ దొరికింది. అడగ్గానే పైలైటు ఆపేశాడు ఆ వెయిటర్ అబ్బాయి, అతనికి మాత్రం ఐదు స్టార్లు. కిటికీ వీపు వెనక కాకుండా పక్కకి ఉండేలా కూర్చోబెట్టి, ఎదురుగా టేబుల్ మీద రెండు తెల్ల న్యాప్‌కిన్‌లు పరిస్తే గడ్డం కింద నీడ తగ్గింది. ఇంత చిన్న పనికి అంత తేడా వస్తుందనుకోలేదు. ఫ్రెండ్ రెండు మీటర్లు వెనక్కి వెళ్లి తీశాడు, మరీ దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదైపోతుందట. కానీ ఆ రెండు మీటర్లూ వెయిటర్లు తిరిగే దారి, ప్రతి ట్రేకీ నేను ట్రాఫిక్ పోలీసులా చెయ్యి అడ్డం పెట్టాల్సి వచ్చింది.

ఇక మా వాడు. "చేతులెక్కడ పెట్టుకోవాలక్కా?" కాఫీ కప్పు ఇస్తే దాన్ని కొత్త బ్యాంకు మేనేజరు ఫైలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చివరికి కుర్చీ అంచున కూర్చోబెట్టి, మోచేతులు టేబుల్ మీద ఆనించి, గడ్డం కొంచెం ముందుకి, కొంచెం కిందకి పెట్టమన్నాడు ఫ్రెండ్. పక్కనుంచి చూస్తే తాబేలే, ఫోటోలో మాత్రం గడ్డం కింద మడత మాయం. కళ్లజోడులో కిటికీ మెరుస్తుంటే దాని కాడలు చెవుల మీద కాస్త పైకెత్తమన్నాడు, అద్దాలు కిందకి వంగి మెరుపు పోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

తిండి సంగతి ఏం చెప్పాలి. పాస్తా చల్లారిపోవడం సగం మా తప్పే, కానీ బ్రౌనీకి మేమేం పాపం చేశాం, ఫోర్కు దిగలేదు. అన్నీ అయ్యాక బిల్లులో "కెమెరా చార్జీ" అని 1,500! మెనూలో లేదు, తలుపు దగ్గర లేదు, గంటన్నర మా ముందే తిరిగినవాళ్లెవరూ చెప్పలేదు. "ఫోన్‌తో ఎన్ని దిగినా ఫ్రీ మేడం, కెమెరా అయితే చార్జ్ ఉంటది" అన్నాడు మేనేజరు చల్లగా. వాదిస్తే 1,000కి దిగాడు. బేరం చేస్తే తగ్గిందంటే అది రూలేం కాదన్నమాట. మీరు వెళ్తే ముందే ఫోన్ చేసి అడగండి, పదకొండు లోపే వెళ్లి కిటికీ టేబులే కావాలనండి.

ఫోటోలు మాత్రం బాగా వచ్చాయి, అది ఒప్పుకోవాలి. అమ్మ చూసి, "హోటల్లో తింటూ దిగాడేంటే, తిండిపోతు అనుకోరూ?" అంది. కప్పు కనపడకుండా కట్ చేసి పంపాం. ఆ కాఫీ 290 రూపాయలు.